కాగితం మడతల రోబోలు: చవక ఎక్కడిది, చిక్కు ఎక్కడ?

క్లుప్తంగా: చదునైన షీటును కోసి, మడిచి రోబో శరీరం చేసే పద్ధతిలో డబ్బు ఆదా అయ్యేది బేరింగులు, పిన్నులు, స్క్రూలు చేసే పనిని మడత గీతే చేసిపెట్టడం వల్ల. ఒక్కో మోటారు, బ్యాటరీ, బోర్డు ఖరీదు ఎప్పటిలాగే ఉంటుంది. ఈ పనికి కావలసిన లామినేషన్, లేజర్, డై (ఉక్కు పట్టీల అచ్చు) కటింగ్ యంత్రాలు చెన్నై అచ్చు పనివాళ్ల దగ్గర ఎప్పటినుంచో ఉన్నాయి. తేల్చుకోవలసినవి రెండు: కీలు ఎన్నిసార్లు వంగగలదు, ఇక్కడి తేమను ఎంతకాలం తట్టుకోగలదు.

ఫైనలియర్ ప్రాజెక్టుల కాలం వచ్చిందంటే చెన్నై రిచీ స్ట్రీట్ ఎలక్ట్రానిక్స్ దుకాణాల ముందు తెలుగు మాటలు గట్టిగానే వినిపిస్తాయి. నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపు నుంచి వచ్చి ఇక్కడి ఇంజినీరింగ్ కాలేజీల్లో చదివే పిల్లలు మోటార్లకూ బోర్డులకూ అక్కడికే చేరతారు. వాళ్ల ప్రాజెక్టు శీర్షికల్లో ‘ఓరిగామి రోబో’ (ఓరిగామి అంటే జపాన్ కాగితం మడతల కళ) అనే మాట కూడా చేరింది. దానితోపాటే ఒక అయోమయమూ వచ్చింది.

ఇంటర్నెట్‌లో తిరిగే ఒక వీడియోలో చదునైన షీటు తనంతట తానే లేచి, కాళ్లు మడుచుకుని, నడుచుకుంటూ వెళ్లిపోతుంది. ఇంకో వీడియోలో అట్టముక్కను చేత్తో మడిచి, మోటార్లు తగిలించి, దానికీ అదే పేరు పెడతారు. రెండింటి వెనక ఉన్న సూత్రం ఒకటే. ఖర్చు, కష్టం, ప్రయోజనం మాత్రం ఒకదానితో ఒకటి పోలవు. మొదటిదాన్ని చూసి ఆశపడి, రెండోదానికి కావలసిన జాగ్రత్తలు తీసుకోకుండా మొదలుపెట్టిన రోబోలు డెమో రోజుకు ముందే కీళ్ల దగ్గర చిరిగిపోతాయి.

ఈ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చింది

కాగితం మడతను ఇంజినీరింగ్ వైపు తిప్పినవారిలో ముందుగా చెప్పుకోవలసిన పేరు జపాన్‌కు చెందిన కోర్యో మియురా. అంతరిక్ష నిర్మాణాల మీద పనిచేసిన ఆయన రూపొందించిన మడతలో ఒక మూల పట్టి లాగితే షీటంతా ఒకేసారి విచ్చుకుంటుంది, తోస్తే ఒకేసారి ముడుచుకుంటుంది. 1995లో జపాన్ పంపిన స్పేస్ ఫ్లయర్ యూనిట్ మీద ఈ మడతతో చేసిన సౌర ఫలకాన్ని అంతరిక్షంలో విప్పి చూశారు.

రోబోల విషయంలో మలుపు అమెరికాలో వచ్చింది. బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో రోనాల్డ్ ఫియరింగ్ బృందం గట్టి పొరల మధ్య పల్చని ఫిల్మును అతికించి, గట్టి పొరల్లో సన్నని ఖాళీలు వదిలి, ఆ ఖాళీలనే కీళ్లుగా వాడే పద్ధతిని పెంచి పోషించింది. 2009లో చూపిన వాళ్ల ‘డ్యాష్’ ఆరు కాళ్ల రోబో. బరువు 16 గ్రాములు, పొడవు 10 సెం.మీ., శరీరం అట్ట. సెకనుకు తన పొడవుకు 15 రెట్ల దూరం పరిగెత్తింది. 28 మీటర్ల ఎత్తు నుంచి కింద పడినా మళ్లీ లేచి నడిచింది. అంత తేలికైన, వంగే శరీరానికి నేల తగిలే దెబ్బ చాలా చిన్నది. అదే ఎత్తు నుంచి రెండు కిలోల లోహపు రోబోను పడేస్తే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

2012లో హార్వర్డ్ బృందం 18 పొరలను ఒకదానిపై ఒకటి అతికించి, లేజర్‌తో కోసి, ఒక్క కదలికతో పైకి లేచేలా చేసిన తేనెటీగ రోబోను చూపింది. పిల్లల పుస్తకాల్లో పేజీ తెరిస్తే బొమ్మ లేచి నిలబడే పద్ధతే దానికి ప్రేరణ.

అందరూ చూసిన ఆ స్వయంగా మడుచుకునే రోబో 2014 ఆగస్టులో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. శామ్యూల్ ఫెల్టన్, మైకేల్ టోలీ, ఎరిక్ డిమైన్, డానియేలా రుస్, రాబర్ట్ వుడ్ దాని రచయితలు. హార్వర్డ్, ఎంఐటీ కలిసి చేసిన పని. కాగితం, రాగి సర్క్యూట్ ఉన్న పాలీఇమైడ్ ఫిల్ము, వేడికి ముడుచుకునే పాలీస్టైరీన్ షీటు దానిలోని పొరలు. మోటార్లు, బ్యాటరీ ముందే అమర్చి ఉంచారు. రాగి గీతల్లో కరెంటు పారి వేడెక్కగానే పాలీస్టైరీన్ ముడుచుకుని మడతలు లేచాయి. సుమారు 4 నిమిషాల్లో రోబో నిలబడి నడక మొదలుపెట్టింది.

మడత ఏ పని చేస్తుంది

మామూలు రోబో కాలి కీలులో రంధ్రం, పిన్ను, వాషరు, కొన్నిచోట్ల బేరింగు ఉంటాయి. ప్రతి ముక్కనూ విడిగా చేయాలి, విడిగా బిగించాలి. పిన్నుకూ రంధ్రానికీ మధ్య కాస్త వదులు తప్పదు. వాడేకొద్దీ అది పెరుగుతుంది. మడత కీలులో ఇవేమీ లేవు. రాపిడి లేదు, నూనె అక్కర్లేదు, వదులు లేదు. బదులుగా రెండు లోపాలు ఉన్నాయి. అది స్ప్రింగులా వెనక్కి లాగుతుంది, కొంతకాలానికి అలసి తెగుతుంది. ఈ రెండింటినీ అదుపులో పెట్టడమే ఈ విద్యలో సగం పని.

మడత చేసే రెండో పని బలం ఇవ్వడం. చదునుగా పట్టుకుంటే వాలిపోయే ఆకు, దొన్నె కుట్టగానే పాయసం మోస్తుంది కదా. అట్ట విషయంలో దీన్ని లెక్కగట్టి చూడవచ్చు. 0.4 మి.మీ. మందం, 30 మి.మీ. వెడల్పు ఉన్న అట్ట పట్టీని 10 మి.మీ. భుజాలతో త్రికోణపు గొట్టంగా మడిచి అంచులు అతికిస్తే, వంపును తట్టుకునే గట్టిదనం చదునుగా ఉన్నప్పటికంటే 600 రెట్లు దాటుతుంది. ఆ లెక్క కాగితం మీద నిజం. వాస్తవంలో అంతకంటే చాలా ముందే గొట్టం గోడ ఒకచోట సొట్టపడుతుంది. అందుకే మోటారు బిగించేచోట, కాలు తగిలేచోట గొట్టం లోపల అడ్డంగా ఇంకో మడత పెట్టాలి.

మూడోది కదలికను పంచడం. నాలుగు మడత గీతలు ఒక బిందువు దగ్గర కలిసి, చదునుగా ముడుచుకోగలిగితే, వాటిలో ఒకదాన్ని వంచితే మిగతా మూడూ ఎంత వంగాలో దానంతటదే తేలిపోతుంది. మియురా మడతలో ఒక మూల లాగితే షీటంతా కదలడానికి కారణం ఇదే. రోబోలో దీని విలువ డబ్బు రూపంలోనే కనిపిస్తుంది: పది కీళ్లకు పది మోటార్లు కొననక్కర్లేదు. ఇలా ముడుచుకోవాలంటే రెండు నియమాలు తప్పవు. బిందువు దగ్గర కలిసే కొండ మడతల (గీత పైకి లేచేవి) సంఖ్యకూ లోయ మడతల (గీత కిందికి దిగేవి) సంఖ్యకూ తేడా రెండే ఉండాలి. ఒకటి విడిచి ఒకటిగా కోణాలను కూడితే 180 డిగ్రీలు రావాలి. డ్రాయింగు వేసిన వెంటనే ఈ రెండూ సరిచూస్తే ఒక షీటు, ఒక పూట మిగులుతాయి.

ఈ నియమాలు మందం లేని కాగితానికి రాసినవి. అట్టకు మందం ఉంటుంది. మడిచినప్పుడు లోపలి అంచులు ఒకదానికొకటి తగిలి మడత పూర్తి కాకుండా ఆపుతాయి. కీలు అట్ట ముఖం మీద ఉండి, అట్ట లోపలివైపు ఉండేలా 90 డిగ్రీలు మడవాలంటే అట్ట మందానికి రెట్టింపు ఖాళీ కావాలి. 0.4 మి.మీ. అట్టకు 0.8 మి.మీ. అన్నమాట. కీలు అట్ట మధ్య మట్టంలో ఉంటే అందులో సగం చాలు.

కీలు లెక్క

వంపులో ఫిల్ము బయటి ముఖం ఎంత సాగుతుందో తెలుసుకోవడానికి దాని మందంలో సగాన్ని వంపు వ్యాసార్థంతో భాగించాలి. వ్యాసార్థం కీలు ఖాళీ వెడల్పు మీద, వంగే కోణం మీద ఆధారపడుతుంది. 100 మైక్రాన్ల (0.1 మి.మీ.) ఓహెచ్‌పీ షీటును, అంటే పీఈటీ ప్లాస్టిక్ పారదర్శక షీటును, 1 మి.మీ. ఖాళీలో 90 డిగ్రీలు వంచితే సాగుడు దాదాపు 8 శాతం. పీఈటీ ఫిల్ము నాలుగైదు శాతం దాటితే మళ్లీ పూర్తిగా నిటారు కాదు. ఖాళీని 2 మి.మీ. చేస్తే సాగుడు 4 శాతానికి దిగుతుంది. 50 మైక్రాన్ల ఫిల్ము తీసుకుని, 1 మి.మీ. ఖాళీలో 30 డిగ్రీలే వంచితే 1.3 శాతం. నడిచే రోబో కాలి కీలుకు ఈ మూడో లెక్కే తగినది. ఒకసారి మడిచి వదిలేసే గొట్టం మూలలకు మొదటిదైనా సరిపోతుంది.

గట్టిదనం మందం ఘనాన్ని బట్టి మారుతుంది. ఫిల్ము మందం సగమైతే కీలును వంచడానికి పట్టే బలం ఎనిమిదో వంతే. మోటారు మూలుగుతూ కాలు కదలకపోతే మోటారు మార్చే ముందు ఫిల్ము మందం చూడాలి. అలాగని ఖాళీని ఇష్టమొచ్చినట్టు పెంచకూడదు. వెడల్పైన కీలు పక్కకు మెలితిరుగుతుంది, బరువు పడితే కుంగుతుంది, అడుగు ఒక్కోసారి ఒక్కోచోట పడుతుంది.

ఉత్త కాగితం మడతను కీలుగా వాడితే నారలు ఒక్కొక్కటిగా తెగుతూ వస్తాయి. కాగితపు గ్రెయిన్ (నారలు ఎక్కువగా పరుచుకున్న) దిశలో వేసిన మడత నున్నగా వస్తుంది. అడ్డంగా వేసినది పగుళ్లు తీస్తుంది. గ్రెయిన్ తెలుసుకోవడం సులువే. షీటును రెండు వైపులా వంచి చూస్తే ఏ వైపు తేలిగ్గా వంగుతుందో, ఆ వంపు గీతకు సమాంతరంగా గ్రెయిన్ ఉన్నట్టు.

చెన్నైలో చేయాలంటే

చెన్నై ప్యారీస్ కార్నర్ దగ్గరి ఆండర్సన్ స్ట్రీట్‌లో శుభలేఖల దుకాణాలూ కాగితం దుకాణాలూ పక్కపక్కనే ఉంటాయి. శుభలేఖకు వాడే 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు) బోర్డే రోబో శరీరానికీ సరిపోతుంది. ఒక ఏ4 షీటు 19 గ్రాములు తూగుతుంది. శుభలేఖల మీద, పుస్తకాల అట్టల మీద వేసే థర్మల్ లామినేషన్ ఫిల్ము సాధారణంగా బీవోపీపీ, అంటే సాగదీసి బలపరిచిన పాలీప్రొపిలిన్. డబ్బాల మూతలకు, టిఫిన్ పెట్టెల క్లిప్పులకు విరగని కీలుగా పనికొచ్చే ప్లాస్టిక్ అదే. కీలుకు ఇంతకంటే మంచి ఫిల్ము కోసం ఎక్కడో వెతకనక్కర్లేదు.

పని వరుస ఇలా సాగుతుంది. ముందు ఇంక్‌స్కేప్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కీళ్ల ఖాళీలను ఒక రంగులో, బయటి అంచును ఇంకో రంగులో గీయాలి. మొదటి విడతలో ఖాళీలు మాత్రమే కోయాలి. ఒక్కో ఖాళీ వెడల్పు 1.5 మి.మీ. ఖాళీలు ముక్క అంచు దాటి కాస్త బయటికి సాగాలి. చుట్టూ ఉన్న చట్రం ముక్కలన్నింటినీ పట్టి ఉంచాలి. ఈ దశలో బయటి అంచు కోస్తే ముక్కలు విడిపోయి, వాటి మధ్య దూరం ఎప్పటికీ సరిగా కుదరదు.

రెండో విడత లామినేషన్. 100 డిగ్రీల చుట్టూ వేడెక్కిన రోలర్ల మధ్య షీటును పంపి రెండు ముఖాల మీదా ఫిల్ము వేయాలి. ఖాళీల దగ్గర పై ఫిల్మూ కింది ఫిల్మూ జిగురువైపున కలిసి 50, 60 మైక్రాన్ల కీలు అవుతుంది. రోలరు ఖాళీ లోపలికి దిగదు. కాబట్టి షీటు వేడిగా ఉండగానే రీఫిల్ అయిపోయిన బాల్‌పెన్ను మొనతో ప్రతి ఖాళీ వెంట రెండు వైపులా నొక్కాలి. ఇది వదిలేస్తే లోపల గాలి బుడగ మిగిలి, రెండు ఫిల్ములు విడివిడిగా వంగి, నాలుగు రోజుల్లో అంచునుంచి ఊడతాయి. ఒకవైపే ఫిల్ము వేసి డబ్బు మిగుల్చుకోవాలనుకుంటే చల్లారేసరికి షీటు విల్లులా వంగుతుంది.

ఆఫీసుల్లో గుర్తింపు కార్డులకు వాడే 125 మైక్రాన్ల పౌచ్‌లో పెట్టి తీయడం చాలామంది చేసే పని. రెండు వైపులా కలిపి కీలు 250 మైక్రాన్లు అవుతుంది. 50 మైక్రాన్ల కీలుతో పోలిస్తే మందం ఐదు రెట్లు, గట్టిదనం నూటపాతిక రెట్లు. ఏ చిన్న మోటారూ దాన్ని వంచలేదు. చల్లగా అంటించే కోల్డ్ లామినేషన్ ఫిల్ము కూడా వద్దు. అది చాలావరకు పీవీసీ. పీవీసీని లేజర్‌లో పెడితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. మనిషి ఊపిరితిత్తులకూ యంత్రానికీ రెండింటికీ హాని. లేజర్ షాపుకు వెళ్లినప్పుడు ఫిల్ము ఏమిటో ముందే చెప్పడం మర్యాద కోసం కాదు, భద్రత కోసం.

మూడో విడతలో బయటి అంచు కోస్తారు. షీటును యంత్రంలో సరిగ్గా మొదటి చోటే పెట్టడానికి రెండు మూలల్లో గుర్తు రంధ్రాలు ముందే వేసి ఉంచాలి. అర మిల్లీమీటరు జరిగినా 20 మి.మీ. కడ్డీలు నాలుగు కీళ్లతో కలిసి కదిలే చతుర్భుజం ఒకవైపు బిగుసుకుంటుంది. మోటారు ప్రతి చుట్టులో రెండుసార్లు ఆగి ఆగి తిరుగుతుంటే అనుమానించవలసింది దీన్నే. లేజర్ మరీ నెమ్మదిగా కదిలితే అంచు మాడి బూడిద పట్టి, టేపు అంటదు.

మడిచే ముందు ప్రతి కీలునూ రెండు వైపులా ఒక్కసారి పూర్తిగా వంచి వదలాలి. తర్వాత పొడవైన గొట్టాలు ముందు, కాళ్లు ఆఖరున. ఫెవికాల్ బీవోపీపీ మీద నిలవదు. ఎండాక పెచ్చుగా ఊడుతుంది. గాడిలో దూరి గట్టిగా పట్టే నాలుకలు డ్రాయింగులోనే పెట్టుకోవడం మేలు. తప్పనిచోట ఉపరితలాన్ని గరుకు కాగితంతో రుద్ది, రెండు వైపులా అంటే టేపు వాడాలి.

మోటారు, బ్యాటరీ దగ్గర తప్పే లెక్కలు

డ్యాష్ తరహా నడకకు ఒక మోటారు చాలు. పై పలక, కింది పలక మడత కడ్డీలతో కలిసి ఉంటాయి. మోటారు పై పలకను కిందిదాని మీద చిన్న వృత్తంలో తిప్పుతుంది. రెండు పలకలకూ తగిలి ఉన్న కాళ్లు మూడు ఎత్తితే మూడు దించుతూ ముందుకు తోస్తాయి. దీన్ని నడిపే, చిన్న గేరు ఉన్న ఎన్20 మోటారు 10 గ్రాములు. పక్కకు మళ్లించడానికి ఎస్‌జీ90 సర్వో (చెప్పిన కోణానికి తిరిగి ఆగే మోటారు) 9 గ్రాములు. 500 మిల్లీఆంపియర్ అవర్ లిథియం పాలిమర్ బ్యాటరీ పది, పన్నెండు గ్రాములు. రోబోను నడిపించే చిన్న కంప్యూటరు, ఈఎస్‌పీ32 బోర్డు, ఇంకో పది. అట్టతో కలిపి 60 గ్రాముల దగ్గర తేలుతుంది.

ఎస్‌జీ90 సర్వో 4.8 వోల్టుల దగ్గర 1.8 కిలో సెం.మీ. టార్కు (తిప్పే బలం) ఇస్తుందని దాని వివరాల కాగితం చెబుతుంది. 4 సెం.మీ. కాలు చివర అది 450 గ్రాముల బలం. అది సర్వో ఆగిపోయే అంచు; నిలకడగా వాడదగింది అందులో పావు వంతు. 60 గ్రాముల రోబోకు అదీ ఎక్కువే. అంటే శక్తి చాలక ఆగే సందర్భాలు అరుదు. ఎక్కువగా ఆగేది కరెంటు దగ్గర.

సర్వో చిక్కుకుంటే 700 మిల్లీఆంపియర్ల దాకా లాగుతుంది. బ్యాటరీ వోల్టేజీ ఒక్క క్షణం పడిపోయి బోర్డు రీసెట్ అవుతుంది. రోబో రెండడుగులు వేసి ఆగి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతుంది. ప్రోగ్రాములో తప్పు వెతుకుతూ రాత్రులు గడుపుతారు. సర్వోకు విడిగా కరెంటిచ్చి, గ్రౌండు తీగ మాత్రం ఉమ్మడిగా ఉంచి, పక్కన 470 నుంచి 1000 మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెడితే ఇది చాలావరకు తీరుతుంది.

ఇంకో చిక్కు మరింత దాక్కుని ఉంటుంది. మార్కెట్లో దొరికే చాలా ఈఎస్‌పీ32 బోర్డుల మీద ఉండే ఏఎంఎస్1117 రెగ్యులేటరు (వోల్టేజీని తగ్గించి నిలకడగా ఉంచే భాగం) 3.3 వోల్టులు ఇవ్వాలంటే తనకు అంతకంటే ఒక వోల్టు పైచిలుకు ఎక్కువ కావాలి. ఒక్క లిథియం సెల్లు పూర్తిగా నిండినప్పుడే 4.2 వోల్టులు, కాసేపటికే 3.7కి దిగుతుంది. బ్యాటరీ సగం నిండుగా ఉండగానే బోర్డు తడబడటానికి కారణం ఇదే. 5 వోల్టులకు పెంచే చిన్న బూస్ట్ మాడ్యూల్ పెట్టాలి, లేదా తక్కువ వోల్టేజీతో నడిచే రెగ్యులేటరు ఉన్న బోర్డు ఎంచుకోవాలి.

తేమ

విదేశీ ప్రయోగశాలల వీడియోల్లో కనబడని సమస్య చెన్నైలో ముందు వరసలో నిలుస్తుంది. సముద్రపు గాలి ఏడాది పొడవునా ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. కాగితం తేమ పీల్చినప్పుడు గ్రెయిన్‌కు అడ్డంగా ఎక్కువ, నిలువునా తక్కువ ఉబ్బుతుంది. అందువల్ల షీటు మొత్తం ఒకే కొలతలో పెరగదు. ఏసీ ల్యాబులో సరిగ్గా కుదిరిన నాలుకలు బయటి వరండాలో గాడిలోకి దూరవు. తడిసిన గొట్టం మోటారు బరువుకు నెమ్మదిగా వంగి, ఎండాక ఆ వంపులోనే నిలిచిపోతుంది.

రెండు ముఖాల మీదా ఫిల్ము ఉంటే తేమ లోపలికి వెళ్లే దారి కోసిన అంచులే. వాటి మీద వార్నిష్ పల్చగా పూయాలి. పొడవైన గొట్టాలు గ్రెయిన్ దిశలో ఉండేలా డ్రాయింగును షీటు మీద తిప్పి పెట్టుకోవాలి. కోయడం, లామినేషన్, మడవడం ఒకే రోజు ఒకే గదిలో పూర్తయితే కొలతలు తప్పవు.

వానలో తిరగవలసిన రోబోకు అట్ట వద్దు. ఫైళ్లు చేసే 0.5 మి.మీ. పాలీప్రొపిలిన్ షీటు తేమను దాదాపు పీల్చదు. మడత గీత వెంట నొక్కి క్రీజు వేస్తే అదే కీలు అవుతుంది. విడి ఫిల్ము అక్కర్లేదు. ఏ4 ముక్క 28 గ్రాములు, అంటే అట్టకంటే సగం బరువు ఎక్కువ. పైగా దానిది మెత్తటి స్వభావం కాబట్టి గొట్టాల భుజాలు పెంచుకోవాలి. జిగురు అస్సలు నిలవదు. గాడులు, రివెట్లే దిక్కు.

తనంతట తానే మడుచుకోవడం ఇక్కడ అవసరమా

స్వయంగా మడుచుకునే షీటుకు రాగి హీటర్లు, ముడుచుకునే ప్లాస్టిక్, వేడిని లెక్కగా ఇచ్చే సర్క్యూట్ కావాలి. ఒక్కో మడత సరిగ్గా రావడానికి నూటికి 99 పాళ్లు అవకాశం ఉందనుకున్నా, 50 మడతలూ సరిగ్గా వచ్చే అవకాశం 60 శాతమే. ఒక్కటి తప్పితే షీటంతా వృథా. చేత్తో మడిచేవారికి ఈ బాధ లేదు. వంకరగా వచ్చిన మడతను విప్పి మళ్లీ మడుస్తారు. మనిషి చేతి పని ఖరీదైన దేశంలోనూ, చెయ్యి చేరలేని చోట్లలోనూ స్వయం మడతకు అర్థం ఉంది. చెన్నైలో 60 గ్రాముల రోబో కోసం దాని వెంట పడటం డబ్బు దండగ.

చెయ్యి చేరలేని చోట్లు ఏమిటన్నదానికి ఎంఐటీ పని మంచి ఉదాహరణ. 2015లో వాళ్లు చూపిన రోబో 1.7 సెం.మీ. చదరపు షీటు, 0.31 గ్రాములు. వేడికి మడుచుకుని, బయటి అయస్కాంత క్షేత్రంతో కదిలింది. 2016లో ఇంకో అడుగు వేసి, మంచు గుళికలో మడిచి మింగించగల రోబోను కృత్రిమ జీర్ణాశయంలో పరీక్షించారు. ఎండబెట్టిన పంది పేగు దాని శరీరం. పిల్లలు పొరపాటున మింగే బటన్ బ్యాటరీని కదిలించి బయటికి పంపడం లక్ష్యం. ఆ పరిమాణంలో పిన్నులూ స్క్రూలూ పెట్టడం అయ్యే పని కాదు. అక్కడ మడతకు పోటీయే లేదు.

చేత్తో చేయగలిగినవాటిలో, పైన చెప్పిన నడిచే రోబోకంటే త్వరగా పనికొచ్చేది గాలి తీసే కండరం. 2017లో హార్వర్డ్, ఎంఐటీ చూపిన ఈ పద్ధతిలో వంకర టింకర మడతల అట్టను గాలి చొరబడని సంచిలో పెట్టి గాలి లాగేస్తారు. మడతలు ముడుచుకుని బరువు ఎత్తుతాయి. సంచి మూతి వేయడానికి కిరాణా కొట్టు సీలింగ్ యంత్రం సరిపోతుంది. 10 చదరపు సెం.మీ. అడ్డుకోత మీద సగం వాతావరణ పీడనం లాగితే 5 కిలోల బలం వస్తుంది. లోపలి ఒత్తిడి బయటికంటే తక్కువ కాబట్టి సంచి పేలదు. చిన్న రంధ్రం పడితే బలం తగ్గుతుంది, అంతే. పండ్లు, గుడ్లు పట్టుకునే రోబో చేతులకు ఇది బాగా కుదురుతుంది.

ఖర్చు ఏ సంఖ్య దగ్గర మారుతుంది

ఒకటో రెండో రోబోలైతే త్రీడీ ప్రింటరు వాడినా పెద్ద తేడా రాదు. గంటలు ఎక్కువ పడతాయి, శరీరం బరువెక్కుతుంది. పది, ఇరవై దగ్గర లేజర్, మడత పద్ధతి స్పష్టంగా గెలుస్తుంది. ఒక్కో శరీరాన్ని కోయడానికి నిమిషాలే పడతాయి. వందలు కావాలంటే డై చేయించాలి. ప్లైవుడ్ పలకలో ఉక్కు పట్టీలు దిగగొట్టి చేసే ఈ డైకి ఖర్చు వేలల్లో ఉంటుంది. ఇంజెక్షన్ మౌల్డు లక్షలు అడుగుతుంది. అయితే డై 1.5 మి.మీ. ఖాళీల్లోని సన్నని వ్యర్థాన్ని శుభ్రంగా వదలదు. అందుకే డై దశకు వచ్చేసరికి డ్రాయింగును క్రీజు కీళ్లకూ పాలీప్రొపిలిన్‌కూ మార్చుకోవాలి. ఈ మార్పు ముందే ఊహించకుండా డై ఆర్డరిస్తే అది మూలన పడుతుంది.

ఎంత చేసినా శరీరం ఖర్చు మొత్తంలో చిన్న భాగమే. ఎస్‌జీ90 వంద రూపాయల చుట్టూ, ఈఎస్‌పీ32 బోర్డు నాలుగైదు వందల మధ్య దొరుకుతాయి. అట్ట, ఫిల్ము కలిపినా వాటి పక్కన లెక్కలోకి రావు. ‘వంద రూపాయల రోబో’ అని ప్రచారం చేసేవారు మోటారును లెక్కలో వదిలేస్తున్నారు. ఖర్చు నిజంగా తగ్గించాలంటే మోటార్ల సంఖ్యను తగ్గించే మడత వెతకాలి. అట్టను చవక చేసే ప్రయత్నంలో మిగిలేది రెండు రూపాయలు.

పర్యావరణానికి మేలు అనే మాట కూడా జాగ్రత్తగా వాడవలసినదే. ఫిల్ము అంటించిన అట్టను కాగితంతో కలిపి రీసైకిల్ చేయడం కష్టం. ఒకే ప్లాస్టిక్‌తో చేసిన పాలీప్రొపిలిన్ శరీరాన్ని కరిగించి మళ్లీ వాడటం దానికంటే సులువు.

దీని ప్రభావం ఎక్కువగా కనబడగలిగేది బడుల్లో. 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబ్స్ పథకం కింద 6 నుంచి 12 తరగతుల విద్యార్థుల కోసం ఒక్కో బడికి 20 లక్షల రూపాయల దాకా కేంద్రం ఇచ్చింది. ఆ ల్యాబుల్లో త్రీడీ ప్రింటరు ఉంటుంది. ముప్పై మంది పిల్లలకు ఒక ప్రింటరు ఉంటే ఒక్కొక్కరి వంతు రావడానికి రోజులు పడుతుంది. ముందే కోసి, లామినేట్ చేసిన షీట్లు పంచితే ఒకే పీరియడులో ముప్పై శరీరాలు తయారవుతాయి. మోటారు, బోర్డు, బ్యాటరీ జిగురుతో అంటించకుండా గాడిలో దూర్చి బిగించేలా డ్రాయింగు ఉండాలి. అప్పుడు కీళ్లు అలసిన శరీరాన్ని తీసేసి, అవే భాగాలను కొత్త షీటులోకి పది నిమిషాల్లో మార్చవచ్చు. వచ్చే ఏడాది తరగతికీ అవే మోటార్లు సరిపోతాయి. బడి కొనవలసింది కొత్త అట్ట, ఫిల్ము మాత్రమే.